గోతం మార్చడం వేరు, మర ఆడించడం వేరు: ఓబీఎస్, హ్యాండ్‌బ్రేక్‌లతో నా ఏడాది

“మేడమ్, మీ గొంతు బాగానే వినపడతా ఉంది. అక్షరాలే అలికినట్టు ఉండాయి. డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో ఎట్టా తెలుసుకునేది?”

సంగం నుంచి మా స్టూడెంట్ ఒకమ్మాయి పంపిన వాయిస్ మెసేజ్ అది. వ్యాపార లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ మీద మొట్టమొదటిసారి ఒక పాఠాన్ని తెర మీద రికార్డు చేసి పంపిన రోజు సాయంత్రం వచ్చింది. ఆ పాఠం కోసం ఆదివారమంతా కూర్చున్నాను. నా ల్యాప్‌టాప్‌లో చూసుకుంటే బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు ఆ అమ్మాయి క్లాసుకు వచ్చినప్పుడు తన ఫోన్‌లోనే చూశాను. లెడ్జర్ పేర్లు చీమల బారులా ఉన్నాయి. అంకెల్లో 3 ఏదో 8 ఏదో పోల్చుకోలేకపోయాను. లెక్కల పాఠంలో 3కీ 8కీ తేడా తెలియకపోతే ఇక ఆ పాఠం ఎందుకు?

నేను బుచ్చిరెడ్డిపాళెంలో చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాను. ఎనిమిది సిస్టమ్‌లు, పదకొండేళ్లుగా అదే పని. ఎక్కువగా బీకామ్ అయిపోయిన ఆడపిల్లలు వస్తారు. చుట్టుపక్కల రైస్ మిల్లులు, ఎరువుల కొట్లు, నెల్లూరులో ఆడిటర్ ఆఫీసులు ఉన్నాయి కాబట్టి టాలీ, జీఎస్‌టీ బాగా వస్తే ఉద్యోగం దొరుకుతుంది. కానీ మూడు నెలల కోర్సు ఒక్క రోజూ మానకుండా పూర్తిచేసేవాళ్లు తక్కువ. నాట్లప్పుడు ఇంట్లో పని, పెళ్లిచూపులు, అక్క పురుడు, తప్పిపోయిన బస్సు. మానేసిన పాఠం మళ్లీ చెప్పమని అడగడానికి మొహమాటపడి కోర్సే వదిలేసినవాళ్లు ఉన్నారు. అది నాకు చాలా బాధగా ఉండేది. అందుకే పాఠాలన్నీ రికార్డు చేసి ఇవ్వాలనుకున్నాను. మొత్తం 28 పాఠాలు, ఏడాది పట్టింది. రికార్డింగ్‌కు ఓబీఎస్ స్టూడియో, సైజు తగ్గించడానికి హ్యాండ్‌బ్రేక్, కత్తిరించడానికి లాస్‌లెస్‌కట్, అవసరమైనప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్. అన్నీ ఉచితమే. ఏడాది వాడాక నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ఫ్రీ అని పేరు పెట్టుకున్నవన్నీ ఫ్రీ కావని మొదటి వారంలోనే అర్థమైంది. ముందు నేను దించుకున్న ఒక రికార్డర్ పది నిమిషాలు దాటగానే ఆగిపోయేది. పైగా తెర మధ్యలో అడ్డంగా తన పేరు ముద్ర వేసేది. ఆ ముద్ర సరిగ్గా ట్రయల్ బ్యాలెన్స్ మొత్తాల మీద పడింది. తీసేయాలంటే డబ్బు కట్టాలట. తర్వాత సైజు తగ్గించుకుందామని ఒక ఆన్‌లైన్ సైట్‌కు వీడియో ఎక్కించడం మొదలుపెట్టాను. ఫోన్ హాట్‌స్పాట్ మీద రెండు గంటలు ఎక్కి, 90 శాతం దగ్గర తెగిపోయింది. అప్పుడు కోపం వచ్చింది గానీ, కాసేపటికి గుండె ఝల్లుమంది. ఆ వీడియోలో ఉన్నవి నేను లెక్కలు చూసే ఒక ఎరువుల కొట్టు పుస్తకాలు. పార్టీల పేర్లు, ఎవరెవరు ఎంత బాకీ, జీఎస్‌టీ నంబర్లు, అన్నీ తెర మీద ఉన్నాయి. వాటిని ఎవరిదో తెలియని సర్వర్‌కు పంపబోయాను. ఎక్కకపోవడమే మంచిదైంది. ఆ రోజే పాఠాల కోసం ఉత్తుత్తి పేర్లతో ఒక రైస్ మిల్లు కంపెనీని టాలీలో తయారుచేసుకున్నాను. వీడియో పని ఏదైనా సరే నా కంప్యూటర్‌లోనే జరగాలని కూడా అప్పుడే అనుకున్నాను.

ఓబీఎస్, హ్యాండ్‌బ్రేక్ రెండూ మన కంప్యూటర్‌లోనే పనిచేస్తాయి. నెట్ తీసేసినా నడుస్తాయి. ముద్రలు లేవు, నిమిషాల లెక్క లేదు. రెండూ జీపీఎల్ రెండో వెర్షన్ లైసెన్స్ కింద ఉన్నాయి. అంటే ఎనిమిది సిస్టమ్‌లలో పెట్టుకున్నా, పెన్‌డ్రైవ్‌లో వేసి పిల్లలకు ఇచ్చినా తప్పు లేదు. సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రామ్‌ను రాసిన రాత కూడా ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇది నాకు చిన్న విషయం కాదు. కంప్యూటర్ సెంటర్లలో క్రాక్ కాపీలు మామూలైపోయాయి. బిల్లు లేని సరుకు పుస్తకంలో ఎక్కించకూడదని పిల్లలకు చెప్పే మనిషిని నేను. దొంగ కాపీ ముందు కూర్చుని ఆ మాట చెప్పలేను.

ఇక ఓబీఎస్. తెరవగానే భయపెడుతుంది, అది నిజం. పైన నల్లటి ఖాళీ తెర, కింద సీన్లు, సోర్సులు, ఆడియో మిక్సర్, ట్రాన్సిషన్లు, కంట్రోల్స్ అని ఐదు పెట్టెలు. జిమ్ అని అందరూ పిలిచే హ్యూ బెయిలీ 2012లో దీన్ని మొదటిసారి విడుదల చేశారు. లైవ్ ఇచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని పుట్టింది కాబట్టి పాఠం చెప్పుకునేవాళ్లకు అక్కర్లేని మీటలు చాలా ఉంటాయి. మనకు కావాల్సింది రెండే. సోర్సుల పెట్టెలో కూడిక గుర్తు నొక్కి డిస్‌ప్లే క్యాప్చర్ పెట్టుకోవడం, కంట్రోల్స్‌లో స్టార్ట్ రికార్డింగ్ నొక్కడం. మిగతావాటిని ముట్టుకోకపోయినా పని అయిపోతుంది.

డిస్‌ప్లే క్యాప్చర్ అంటే తెర మొత్తం. విండో క్యాప్చర్ అంటే ఒక్క ప్రోగ్రామ్ మాత్రమే. విండో క్యాప్చరే పద్ధతిగా ఉంటుందనిపిస్తుంది గానీ, విడిగా తెరుచుకునే చిన్న కిటికీలు, కుడి క్లిక్ మెనూలు అందులోకి రాకపోవచ్చు. ఎక్కడ నొక్కానో పిల్లలకు కనిపించాలి కాబట్టి నేను డిస్‌ప్లే క్యాప్చరే వాడతాను. అయితే దానికి ముందు నోటిఫికేషన్లు తప్పనిసరిగా ఆపాలి. ఆరో పాఠంలో బ్యాంక్ రీకన్సిలియేషన్ మధ్యలో మా అత్తమ్మ మెసేజ్ మూలన ప్రత్యక్షమైంది. ఇంటి విషయం అది, పిల్లలు చూడాల్సింది కాదు. నలభై నిమిషాల పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

మా సెంటర్‌లో ఒకమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్ వేసుకుంటే తెర నల్లగానే ఉండిపోయింది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇలా అవుతుంది. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓబీఎస్‌కు పవర్ సేవింగ్ ఎంచుకుంటే సరిపోయింది.

అసలు అక్షరాల సంగతికి వస్తాను, ఎందుకంటే నాకు నెల రోజుల నిద్ర పాడుచేసింది అదే. నా ల్యాప్‌టాప్ తెర 1920 బై 1080. ఓబీఎస్ సెట్టింగ్స్‌లో వీడియో అనే చోట రెండు కొలతలు ఉంటాయి. బేస్ కాన్వాస్ అంటే మనం చూపిస్తున్న తెర, ఔట్‌పుట్ అంటే ఫైల్‌లోకి వెళ్లేది. నా దాంట్లో బేస్ 1920 బై 1080, ఔట్‌పుట్ 1280 బై 720 అని ఉంది. అంటే మూడు చుక్కలున్న చోట రెండు చుక్కలే పెట్టి సర్దుతోంది. మనిషి ముఖమైతే ఆ సర్దుబాటు కనపడదు. టాలీ అక్షరం సన్నటి గీతలతో ఉంటుంది, ఆ గీతలే కరిగిపోతాయి. 8 మధ్యలో నడుము మాయమై 3 లాగా, 0 లాగా కనిపించింది అందుకే.

సరే అని ఔట్‌పుట్ కూడా 1920 చేశాను. అక్షరం స్పష్టంగా వచ్చింది గానీ ఆరున్నర అంగుళాల ఫోన్‌లో చూస్తే కంటికి ఆనదు. పిల్లలు రెండు వేళ్లతో పెద్దది చేసుకుని, అటూ ఇటూ జరుపుకుంటూ చూడాల్సి వచ్చింది. చివరికి పనిచేసింది ఇది: రికార్డింగ్‌కు ముందు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ల్యాప్‌టాప్ తెరనే 1280 బై 720కి దించేశాను. ఓబీఎస్‌లో బేస్, ఔట్‌పుట్ రెండూ 1280 బై 720. ఇప్పుడు తెర మీద అక్షరాలు పెద్దవైపోయాయి, చుక్కకు చుక్క యథాతథంగా ఫైల్‌లోకి వెళ్తోంది, కుదింపు లేదు. ల్యాప్‌టాప్ మీద నాకు కొంచెం మొద్దుగా కనిపిస్తుంది గానీ రికార్డింగ్‌లో గీత గీత తెలుస్తుంది. మీరు పాఠాలు ఫోన్‌లో చూసేవాళ్ల కోసం చేస్తుంటే, మిగతా ఏదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

రెండోది సైజు. ఔట్‌పుట్ సెట్టింగ్స్‌లో రికార్డింగ్ క్వాలిటీ అనే చోట ‘సేమ్ యాజ్ స్ట్రీమ్’ అని ఉంటే మార్చేయండి. అది లైవ్ ఇచ్చేవాళ్లకు పనికొచ్చేది. సెకనుకు ఇన్ని బిట్లు అని ఒక కట్టుబాటు పెట్టుకుని, తెర మీద ఏమీ కదలకపోయినా అన్నీ రాసుకుంటూ పోతుంది. నా దాంట్లో 2500 కిలోబిట్లు ఉండేది. ఎనిమిదితో భాగించండి, సెకనుకు 312 కిలోబైట్లు. ధ్వని కూడా కలిపితే నిమిషానికి సుమారు 20 ఎంబీ. 35 నిమిషాల పాఠానికి 700 ఎంబీ! టాలీ పాఠంలో సగం సేపు తెర బొమ్మలా నిలబడి ఉంటుంది, నేను మాట్లాడుతూ ఉంటాను. ఆ నిలబడిన తెరకు ఇంత ఖర్చు ఎందుకు? దాన్ని ‘హై క్వాలిటీ, మీడియం ఫైల్ సైజ్’కు మార్చాక కదలిక ఉన్న చోట ఎక్కువ, లేని చోట తక్కువ రాయడం మొదలైంది. అదే పాఠం 180 ఎంబీకి వచ్చింది. ఇంకో లాభం కూడా ఉంది. సేమ్ యాజ్ స్ట్రీమ్‌లో పాజ్ మీట కనిపించదు. 2019లో వచ్చిన 24వ వెర్షన్ నుంచి పాజ్ ఉందని తెలిసినా, నాకెందుకు లేదో అని చాలా రోజులు వెతికాను. క్వాలిటీ మార్చగానే స్టాప్ మీట పక్కన ప్రత్యక్షమైంది. దగ్గు వచ్చినా, గేటు దగ్గర ఎవరైనా పిలిచినా ఇప్పుడు పాజ్ నొక్కుతాను.

ధ్వని విషయంలో ఓబీఎస్‌ను మెచ్చుకోకుండా ఉండలేను. మే నెలలో మా సెంటర్‌లో ఫ్యాన్ ఆపి పాఠం చెప్పడం మనుషుల వల్ల కాదు. ఫ్యాన్ వేస్తే మైకులో ఒకటే హోరు. ఆడియో మిక్సర్‌లో మైకు పక్కన మూడు చుక్కలు నొక్కి, ఫిల్టర్స్‌లో నాయిస్ సప్రెషన్ పెట్టుకుంటే ఆ హోరు దాదాపు పోయింది. అందులో ఆర్ఎన్‌నాయిస్ అనే పద్ధతి ఎంచుకోండి, గొంతు సహజంగా ఉంటుంది. మాట్లాడేటప్పుడు మిక్సర్‌లో పట్టీ పసుపు రంగు దాకా వెళ్లాలి, ఎరుపు తగలకూడదు. ఇంకొకటి, కొన్ని మైకుల గొంతు ఇయర్‌ఫోన్స్‌లో ఒక్క చెవిలోనే వినిపిస్తుంది. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మైకు పక్కన మోనో అనే చోట టిక్ పెడితే రెండు చెవుల్లోనూ వస్తుంది. ఇదంతా ఇంకెక్కడో డబ్బు పోసి కొనుక్కునే సంగతి, ఇక్కడ ఊరికే దొరుకుతోంది.

ఇక నా గుండె ఆగిపోయిన రోజు గురించి. పదకొండో పాఠం, స్టాక్ ఐటమ్స్, గోడౌన్లు. యాభై నిమిషాలు చెప్పాను, చాలా బాగా వచ్చిందని నాకే అనిపిస్తోంది. కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, టప్పున ఆరిపోయింది. కరెంటు వచ్చాక చూస్తే ఫోల్డర్‌లో ఫైల్ ఉంది, సైజు ఉంది, కానీ ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోలేదు. ఆ రోజు నేను ఫార్మాట్ ఎంపీ4 అని పెట్టుకుని ఉన్నాను. తప్పు అక్కడే జరిగింది.

పాతకాలపు లెక్కలు తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మా నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. ఆయన చిట్టా ఏ రోజుకారోజు, వచ్చిన లావాదేవీ వచ్చినట్టు రాసేవారు. మధ్యలో లేచిపోయినా అంతవరకు రాసింది ఎవరైనా చదువుకోవచ్చు. ఎంకేవీ ఫార్మాట్ అలాంటిది. ఎంపీ4 అలా కాదు. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టికను మామూలుగా రికార్డింగ్ ఆపినప్పుడు, చివర్లో రాస్తుంది. కరెంటు పోతే ఆ పట్టిక రాసే అవకాశమే ఉండదు. సరుకంతా గోడౌన్‌లో ఉంటుంది, ఏ బస్తా ఎవరిదో చెప్పే పుస్తకం ఉండదు. అందుకని ఎంకేవీలో రికార్డు చేసి, అయిపోయాక ఓబీఎస్‌లోనే ఫైల్ మెనూలో ‘రీమక్స్ రికార్డింగ్స్’ నొక్కి ఎంపీ4 చేసుకోవాలి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఒక టిక్ పెడితే తనంతట తనే చేసేస్తుంది. 2024లో వచ్చిన 30.2 వెర్షన్ నుంచి హైబ్రిడ్ ఎంపీ4 అని కొత్తది కూడా ఉంది, మధ్యలో ఆగిపోయినా అంతవరకు దక్కేలా చేసింది. నేను మాత్రం అలవాటైన ఎంకేవీతోనే ఉన్నాను. ఆ తర్వాత రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ అంతవరకు చెప్పిన పాఠం దక్కింది.

రీమక్స్‌కు 50 నిమిషాల వీడియో ఇస్తే కొన్ని సెకన్లలో ముగిసింది. అదే హ్యాండ్‌బ్రేక్‌కు ఇస్తే నా పాత ఐ3 ల్యాప్‌టాప్‌లో ఇరవై నిమిషాలు పట్టింది. రెండూ ఎంపీ4నే ఇస్తున్నప్పుడు ఇంత తేడా ఎందుకని పిల్లలు అడిగారు. ఇది తెలియక చాలామంది పాడుచేసుకుంటారు కాబట్టి వాళ్లకు చెప్పినట్టే చెబుతాను.

ఎంపీ4, ఎంకేవీ అనేవి గోతాలు. లోపల ఉండే బియ్యం వేరే. ఆ బియ్యం, అంటే బొమ్మను కుదించి రాసే పద్ధతి పేరు చాలావరకు హెచ్.264. ఒక గోతంలో ఉన్న బియ్యాన్ని ఇంకో గోతంలోకి వంచితే బియ్యం మారదు, గింజ విరగదు, పని క్షణంలో అయిపోతుంది. అది రీమక్స్. హ్యాండ్‌బ్రేక్ చేసేది మళ్లీ మర ఆడించడం. పాలిష్ పెరుగుతుంది, బస్తా తేలికవుతుంది, కానీ ప్రతి ఆటకూ కొంత నూక, కొంత తవుడు పోతాయి. పోయింది తిరిగి రాదు. మా నెల్లూరు మొలగొలుకుల బియ్యమైనా సరే మూడుసార్లు మర ఆడిస్తే మిగిలేది నూకే.

ఈ సంగతి అర్థమయ్యాక మొదటి రోజు వచ్చిన ఫిర్యాదులో రెండో సగం కూడా తెలిసింది. నేను ఓబీఎస్‌లో కుదించింది ఒకసారి. తర్వాత ఆ వీడియోను వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపాను. వాట్సాప్ తన సైజుకు మళ్లీ కుదించింది. అంటే రెండు ఆటలు. ఇప్పుడు డాక్యుమెంట్‌గా పంపుతాను. అలా పంపితే ముట్టుకోకుండా ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. 2022 నుంచి 2 జీబీ దాకా ఫైల్ పంపుకోవచ్చు.

హ్యాండ్‌బ్రేక్ 2003 నాటిది. ఎరిక్ పెటిట్ అనే ఆయన బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం మొదలుపెట్టారు. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కనుమరుగైంది, హ్యాండ్‌బ్రేక్ మాత్రం విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లోనూ బతికి ఉంది. ఓబీఎస్ కన్నా ఇది నాకు త్వరగా వంటబట్టింది. ఫైల్‌ను లాగి అందులో పడేయాలి, ప్రీసెట్, అంటే ముందే సిద్ధం చేసి ఉంచిన సెట్టింగ్స్ ఎంచుకోవాలి, స్టార్ట్ నొక్కాలి. నేను ‘ఫాస్ట్ 720పీ30’ తీసుకుని మూడే మార్పులు చేశాను. వీడియో ట్యాబ్‌లో సెకనుకు ఫ్రేమ్‌లు, అంటే బొమ్మలు, 15. టాలీలో పరుగెత్తేది ఏమీ లేదు, మౌస్ కాస్త గెంతినట్టు కనిపిస్తుంది, అంతే. అదే ట్యాబ్‌లో క్వాలిటీ అనే చోట ఆర్ఎఫ్ 23. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి, మొదట్లో దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు, జాగ్రత్త. 720 కొలతకు 19 నుంచి 23 మధ్య ఉంచమని హ్యాండ్‌బ్రేక్ వాళ్ల సూచన. నేను 26 పెట్టి చూశాను, లెడ్జర్ గీతల చుట్టూ మసక వచ్చింది. మూడో మార్పు ఆడియో: మోనో, 64 కిలోబిట్లు. ఒక మనిషి మాట్లాడే మాటకు అది చాలు. 180 ఎంబీ పాఠం 50 ఎంబీ అయింది. అంకెలు అలాగే ఉన్నాయి.

హ్యాండ్‌బ్రేక్‌లో నాకు బాగా నచ్చింది క్యూ. ఏడెనిమిది పాఠాలు వరసగా పేర్చి, రాత్రి స్టార్ట్ నొక్కి ఇంటికి వెళ్తాను. తెల్లారేసరికి అన్నీ అయిపోయి ఉంటాయి. ఫోన్‌లో తీసిన వీడియోలను పాఠంలో కలపాలంటే కూడా ఇది అక్కరకొచ్చింది. ఫోన్ వీడియోల్లో ఫ్రేముల వేగం మారుతూ ఉంటుంది, కత్తిరించి అతికించేటప్పుడు మాట ఒకచోట, బొమ్మ ఒకచోట పడుతుంది. కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ అని పెట్టి ఒకసారి మార్చుకుంటే ఆ బాధ లేదు.

ఒక చోట మాత్రం ఆశకు పోయి దెబ్బతిన్నాను. హెచ్.265 అనే కొత్త రకం అయితే సైజు ఇంకా తగ్గుతుందని చదివి ఐదు పాఠాలు అందులో చేశాను. తగ్గిన మాట వాస్తవం. కానీ ముగ్గురు అమ్మాయిల ఫోన్లలో మాట వినిపించింది, బొమ్మ రాలేదు. అవి ఇంట్లో అన్నయ్యలు వాడేసి ఇచ్చిన పాత ఫోన్లు. హెచ్.264 2003లో వచ్చింది, హెచ్.265 2013లో. కొన్ని పాత ఫోన్లు హెచ్.265ను చదవలేవు. కొత్త ఫోన్ ఉన్న అమ్మాయి ఎలాగూ చూస్తుంది. పాత ఫోన్ ఉన్న అమ్మాయి కోసమే కదా ఇంత అవస్థ పడుతున్నది. ఐదూ మళ్లీ చేశాను, ఈసారి ఎంకేవీ అసలు ఫైళ్ల నుంచి. అసలు ఫైళ్లను అందుకే ఎప్పుడూ చెరపను, ఒక హార్డ్‌డిస్క్‌లో దాచి ఉంచాను.

ఓబీఎస్‌లో కత్తిరించే సదుపాయం లేదు. ఇది పెద్ద లోటే. ప్రతి రికార్డింగ్ మొదట్లో నేను కుర్చీ సర్దుకోవడం, చివర మౌస్‌తో స్టాప్ మీట వెతుక్కోవడం ఉంటాయి. వాటికోసం లాస్‌లెస్‌కట్ వాడతాను. ఇది మర ఆడించకుండా కోసి ఇస్తుంది. కాకపోతే కోత మనం అనుకున్న చోటే పడదు, దగ్గరలోని కీఫ్రేమ్, అంటే పూర్తి బొమ్మ రాసి ఉన్న ఫ్రేమ్ దగ్గర పడుతుంది, ఒకట్రెండు సెకన్లు అటూ ఇటూ. అందుకని పాఠం మొదలుపెట్టేముందు మూడు సెకన్లు మాట్లాడకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ గురించి రెండు మాటలే. కిటికీలు, మీటలు లేవు, నల్ల తెర మీద ఆజ్ఞ టైప్ చేయాలి. ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో మొదలుపెట్టిన ఈ పనిముట్టు మిగతా మూడింటి లోపలా ఉంది. మీటలు వేరైనా అడుగున తిరిగేది ఇదే. పది ఎంకేవీలను ఒక్క వరుసతో ఎంపీ4లు చేయడానికి మా చెల్లెలి కొడుకు రాసిచ్చిన ఆజ్ఞను ఒక కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకున్నాను. దాని జోలికి వెళ్లకుండానే పాఠాలు చేయొచ్చు. చేతనైనవాళ్లకు మాత్రం దాన్ని మించింది లేదు.

దించుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. గూగుల్‌లో వెతికితే అదే పేరుతో, అదే బొమ్మతో ప్రకటనలు ముందు వస్తాయి. హ్యాండ్‌బ్రేక్ అసలు సైట్ చివర ఎఫ్ఆర్ ఉంటుంది, కామ్ కాదు. అసలు సైట్‌కు వెళ్లినా పరాకు వద్దు. 2017 మే నెలలో వాళ్ల డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాంట్లోకి ఎవరో చొరబడి మ్యాక్ ఫైల్ స్థానంలో వైరస్ ఉన్న ఫైల్ పెట్టారు. ఆ సంగతి వాళ్లే బయటపెట్టి అందరినీ హెచ్చరించారు. విండోస్‌లో హ్యాండ్‌బ్రేక్ నడవడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్ రన్‌టైమ్ కూడా వేసుకోవాలి, అది అడిగినప్పుడు వైరస్ ఏమోనని భయపడకండి.

తెర మీద చేసి చూపించే పాఠం ఏదైనా చెప్పేవాళ్లకు, అంటే ట్యూషన్ మాస్టర్లకు, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేవాళ్లకు, ఓబీఎస్, హ్యాండ్‌బ్రేక్ రెండూ కళ్లు మూసుకుని తీసుకోమంటాను. ఒక ఆదివారం సెట్టింగ్స్‌కు కేటాయించండి, అంతకన్నా ఎక్కువ పట్టదు. టైటిళ్లు, పాటలు, రంగులు కావాలనుకునేవాళ్లకు ఇవి చాలవు, వాళ్లకు విడిగా ఎడిటర్ కావాలి.

నా 28 పాఠాలు ఇప్పుడు మొత్తం 1.4 జీబీ. పాత పద్ధతిలో అయితే 16 జీబీ దాటేవి. కోర్సులో చేరిన ప్రతి అమ్మాయికీ మొదటి రోజే పెన్‌డ్రైవ్, దాన్ని ఫోన్‌కు తగిలించే ఓటీజీ పెట్టి ఫోన్‌లోకి ఎక్కించేస్తాను. నెట్ ఖర్చు లేదు, సిగ్నల్ లేకపోయినా చూసుకుంటారు.

సంగం అమ్మాయికి పోయిన నెల బాబు పుట్టాడు. క్లాసుకు రావడం లేదు, ఇంట్లో బాబు నిద్రపోయినప్పుడు పాఠాలు చూస్తోంది. మొన్న మళ్లీ వాయిస్ మెసేజ్ పెట్టింది. “మేడమ్, పంతొమ్మిదో పాఠంలో తవుడు లోడు బాడుగ నోటితో 4,380 అంటా ఉండారు, తెర మీద 4,830 కొట్టారు. అందుకే మొత్తం కలవడం లా.” వెళ్లి చూసుకున్నాను. ఆ అమ్మాయి చెప్పిందే నిజం. ఆ పాఠాన్ని ఈ ఆదివారం మళ్లీ రికార్డు చేస్తున్నాను.